ఎక్స్‌ట్రా కాదు, స్పేర్

ఇన్‌స్టిట్యూట్ స్టాఫ్ రూము,
మంగళవారం మధ్యాహ్నం.

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ మీ బావా బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ మరదలూ బాగున్నారని తలుస్తాను అని రాయడం మర్యాద. కానీ నువ్వు బాగా లేవని నాకు తెలుసు, నాకు తెలుసని నీకూ తెలుసు. అందుకని ఆ వాక్యం ఈసారికి వదిలేస్తున్నాను.

ఈ కవరు నీకు ఎక్కడ ఇవ్వాలో, ఎప్పుడు ఇవ్వాలో మరదలికి ఒకటికి రెండుసార్లు చెప్పి పంపాను. ఇంట్లో ఇస్తే చించి పారేస్తావు. అందుకే డయాలసిస్ గదిలో నిన్ను మంచమెక్కించి, ఎడమచేతికి సూదులు గుచ్చి, మెషీను తిరగడం మొదలయ్యాకే ఇవ్వమన్నాను. అక్కణ్ణుంచి నాలుగు గంటలపాటు నువ్వు కదలడానికి లేదు. కుడిచెయ్యి ఖాళీగానే ఉంటుంది, కాగితాలు తిప్పుకోవడానికి అది చాలు. ఫోను చేస్తే కట్ చేస్తున్నావు. ఇంటికొస్తే స్కూటరు కిందకి దూరిపోతున్నావు. మొన్నయితే బాగా నడుస్తున్న స్కూటరునే విప్పి పరిచావట. అక్కని తప్పించుకోవడానికి ఒక బండి ప్రాణం తియ్యాలట్రా? అందుకే ఈ ఏర్పాటు. చించాలంటే రెండు చేతులూ కావాలి నాయనా. బుద్ధిగా చదువు.

విషయం మనిద్దరికీ తెలిసిందే అయినా మొదటినుంచీ రాస్తాను, అది నా వృత్తిదోషం. నీ రెండు కిడ్నీలూ పనిచెయ్యడం మానేశాయి. వారానికి మూడుసార్లు ఆ మెషీను నీ రక్తం కడిగి పెడుతోంది. ఇలా ఎన్నాళ్ళయినా లాగొచ్చని నువ్వంటావు. లాగలేవని డాక్టరమ్మ అంటుంది. గుండె మీద భారం పడుతోందట, ఇంకా ఆలస్యం చేస్తే కిడ్నీ దొరికినా పెట్టించుకునే ఓపిక నీ ఒంట్లో మిగలదట. ఇవ్వడానికి నేను సిద్ధంగా ఉన్నాను. పుచ్చుకోవడానికి నువ్వు సిద్ధంగా లేవు. మన గొడవంతా ఇంతే.

ఆ ఆదివారం మీ ఇంట్లో నేను మాట జారాను. నాకు రెండున్నాయిరా, ఒకటి ఎక్స్‌ట్రాయే కదా, తీసుకో అన్నాను. మరదలు మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయింది. నువ్వు తలెత్తకుండానే, అది ఎక్స్‌ట్రా కాదక్కా, స్పేర్ అన్నావు. స్టెప్నీ టైరు విప్పి ఎవరికో ఇచ్చేసి దూరప్రయాణం బయల్దేరే డ్రైవర్ని ఇంతవరకూ చూడలేదనీ, అలాంటివాడు ఎవడైనా ఉంటే మీ బస్సు డిపో గేటు కూడా దాటనివ్వననీ అన్నావు. అనేసి స్క్రూడ్రైవరు పుచ్చుకుని బయటికి పోయావు.

రెండు మాటల మధ్య తేడా చెప్పి బతుకుతున్న మనిషిని నేను. ఆ రోజు తిరుగు బస్సులో కూర్చుంటే ఒళ్ళు మండిపోయింది. నాకే పాఠం చెబుతాడా వీడు అనుకున్నాను. రెండు స్టాపులు దాటాక ఆలోచిస్తే, నువ్వన్నదే సరైన మాట అనిపించింది. నేను పప్పులో కాలేశాను. సరే, ఒప్పుకుంటున్నాను, ఒక్కసారే ఒప్పుకుంటాను, మళ్ళీ మళ్ళీ గుర్తుచెయ్యకు. కాకపోతే ఆ మాట నీకు సగమే తెలుసు. మిగతా సగం చెప్పడానికే ఈ ఉత్తరం.

మా స్పోకెన్ ఇంగ్లీషు ఇన్‌స్టిట్యూట్‌లో బుధవారం జంట మాటల క్లాసు, ఒకేలా అనిపించే రెండు మాటలకి తేడా చెప్పడం. నువ్వెప్పుడూ పైకి రాలేదు కదా. కింద సెల్‌ఫోన్ల రిపేరు షాపు, ఇనప మెట్లెక్కితే మా గది. తెల్లబోర్డు ఎంత తుడిచినా పాత మాటలు పూర్తిగా పోవు, వాటి మీదే కొత్తవి రాస్తాం. ఫ్యాను తిరిగితే నా గొంతు వినపడదు, ఆపితే జనం వినే స్థితిలో ఉండరు. ఈ బ్యాచ్‌లో ఒక టైలరమ్మ ఉంది, ఒక సెక్యూరిటీ గార్డు ఉన్నాడు, రిసెప్షనిస్టు ఉద్యోగానికి తయారవుతున్న ఒక అమ్మాయి ఉంది, ఇంకా నలుగురైదుగురు. నీ మీది కోపంతోనే పోయిన బుధవారం బోర్డు మీద స్పేర్ అనీ ఎక్స్‌ట్రా అనీ రాశాను. మీ ఇళ్ళల్లో వస్తువులు చెప్పండి, ఏది దేనికిందికి వస్తుందో చూద్దాం అన్నాను.

ముందుగా గార్డు లేచాడు. మా ఇంట్లో స్పేర్ ఏమీ లేదు మేడమ్, ఎక్స్‌ట్రా అయితే మా బావమరిది ఒకడున్నాడు అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. నేను కూడా నవ్వు ఆపుకోలేక అతనికి పదికి పది వేశాను. అంత సరిగ్గా ఆ మాట వాడినవాణ్ణి ఈమధ్య చూడలేదు.

తరువాత రిసెప్షనిస్టు అమ్మాయి, స్పేర్ తాళంచెవి అంటారు గానీ ఎక్స్‌ట్రా తాళంచెవి అనరెందుకు మేడమ్ అని అడిగింది. మంచి ప్రశ్న. ఎక్స్‌ట్రా అంటే లెక్క పూర్తయ్యాక మిగిలింది. పోయినా ఎవరూ వెతకరు. హోటల్లో ఎక్స్‌ట్రా కుర్చీ లాక్కుంటాం, పని కాగానే కాలితో పక్కకి తోసేస్తాం. సినిమాల్లో వెనకాల గుంపులో నిలబడేవాళ్ళని పాపం ఎక్స్‌ట్రాలే అంటారు. ఎవడైనా అతిగా వాగితే ఎక్స్‌ట్రాలు చెయ్యకు అంటాం. ఆ మాట ఎక్కడికెళ్ళినా కాస్త చులకనే. స్పేర్ అలా కాదు. అది మొదటినుంచీ లెక్కలో ఉన్నదే. ఎప్పుడో ఒకప్పుడు పని పడుతుందని తెలిసి, చూసి, జాగ్రత్తపెట్టింది. తాళంచెవి రెండోది చేయించేటప్పుడే అది ఎవరి దగ్గర పెట్టాలో మనసులో అనుకునే చేయిస్తాం. దారిన పోయేవాడి చేతిలో పెట్టం కదా.

ఇంతలో టైలరమ్మ అందుకుంది. చొక్కా కత్తిరించాక మిగిలిన ముక్క ఎక్స్‌ట్రా, కుట్టు లోపల మడిచి వదిలిన గుడ్డ స్పేర్, అంతేనా అంది. అంతే అన్నాను. ఆవిడ కూర్చోదే! మరి ఆ మడత ఎప్పుడు విప్పాలో ఎవరు చెప్పాలి మేడమ్ అంది. తొడుక్కునేవాళ్ళే చెప్పాలి కదా అన్నాను. అబ్బే, ఒళ్ళొచ్చినవాళ్ళు ఛస్తే చెప్పరు, ఊపిరి బిగబట్టుకుని తిరుగుతారు, నేనే చూసి విప్పుతాననాలి, అప్పుడు కూడా వద్దులెండి బాగానే ఉంది అంటారు అంది. మళ్ళీ అందరూ నవ్వారు. నేను మాత్రం బోర్డు వైపు తిరిగి అక్కర్లేకపోయినా తుడుస్తూ కాసేపు నిలబడ్డాను. నువ్వు మెట్లెక్కేటప్పుడు రెండిటికోసారి ఆగి, చెప్పులో రాయి దూరినట్టు వంగి చూస్తావే, అది గుర్తొచ్చింది. చెప్పులో రాయి ఉండదని నాకు తెలియదనుకున్నావా?

ఆ క్లాసులో చెప్పకుండా ఉంచేసిన ముక్క ఒకటుంది. ఇంగ్లీషులో ఎదుటివాళ్ళని ఏదైనా అడగాలంటే కెన్ యూ స్పేర్ అంటారు. ఒక నిమిషం కావచ్చు, ఒక పెన్ను కావచ్చు. అలా అడిగేవాడికి ఒకటి తెలుసు, ఆ వస్తువు అవతలివాడి దగ్గర మూలపడి లేదని. దానితో వాడికీ పని ఉంది. ఉన్నా సరే, నాకోసం వదులుకుని గడుపుకోగలవా అని అడగడం అది. ఎక్స్‌ట్రాని అలా అడగనక్కర్లేదు, పడి ఉంటే పట్టుకుపోవడమే. నాకు అక్కర్లేనిది నీకిస్తే అది ఇవ్వడం ఎలా అవుతుంది, ఇల్లు సర్దుకోవడం అవుతుంది గానీ. నాకు పనికొచ్చేది ఇస్తేనే ఇచ్చినట్టు. నీ మనసు తేలిక చెయ్యాలని ఆ రోజు నా వస్తువు విలువ నేనే తగ్గించి చెప్పాను. నువ్వు వద్దన్నావు. పాతసామాను అంటగడుతున్నట్టు మాట్లాడితే ఎవరైనా వద్దనే అంటారు.

ఇక నీ స్టెప్నీ దగ్గరికి వద్దాం. మీ డిపోలో గేటు పక్కన నీడలో ఒక బస్సు నిలబెట్టి ఉంచుతారు. దానికి రూటు బోర్డు ఉండదు. దాన్ని కూడా మీరు స్పేర్ బస్సనే కదా అంటారు. నీకు టిఫిన్ క్యారియరు ఇవ్వడానికి వచ్చిన రోజుల్లో చూసేదాన్ని, పొద్దున్నే నువ్వు ముందు దానికే డీజిలు చూసేవాడివి, చక్రాల్లో గాలి కొట్టేవాడివి, అద్దం మీద మరకుంటే క్లీనర్ని పిలిచి తిట్టేవాడివి. ఎక్కడికీ పోని బండికి ఇంత సేవేమిట్రా అని అడిగాను. ఎక్కడ ఏ బండి ఆగిపోయినా పరిగెత్తాల్సింది ఇదేనక్కా, ఇది బాగుంటేనే మిగతావాటికి ధైర్యం అన్నావు. గర్వంగా అన్నావు కూడా. ఆ బస్సుని ఏనాడైనా, పాపం దానికే ముందుముందు అవసరమొస్తుందేమో అని దాచిపెట్టావా?

స్టెప్నీ ఒక్క బండిది. స్పేర్ బస్సు డిపో మొత్తానిది. నా ఒంట్లో ఉన్నది స్టెప్నీ అని నువ్వే తీర్మానం చేసేశావు, బండి నాదైనా. నేను ఒప్పుకోను. ఒకే కంచంలో చేతులు పెట్టి కొట్టుకుని తిన్నవాళ్ళం, ఒకే దుప్పటి రెండువైపుల నుంచీ లాక్కున్నవాళ్ళం. మనది ఒకే డిపోరా.

డాక్టరమ్మ నాకు చెప్పినవన్నీ నీకూ చెబుతాను, తేనె పుయ్యకుండా. నాకు పరీక్షలన్నీ చేశారు. గుండె, ఊపిరితిత్తులు, బీపీ, షుగరు, అన్నీ. ఒంట్లో ఎన్ని అవయవాలున్నాయో ఈ నెలలోనే నాకు తెలిసింది. ఇవ్వడానికి తగిన మనిషినేనని తేల్చారు. ఎడమవైపుది తీస్తారట. మిగిలింది కాస్త పెరిగి రెండిటి పనీ చూసుకుంటుందట. పొట్ట మీద కోత మచ్చ ఉంటుంది. కొన్నాళ్ళు బరువులు ఎత్తకూడదు, తలనొప్పి మాత్రలు ఇష్టమొచ్చినట్టు మింగకూడదు, ఏడాదికోసారి వచ్చి చూపించుకోవాలి. మా బ్యాచ్‌ని చూస్తే తలనొప్పి మాత్రలు లేకుండా ఎలాగన్నదే నా బెంగ.

మీ బావ సంగతి రాయాలి. చెప్పగానే ఆయన ఏమీ అనలేదు. నీకు తెలుసు కదా, వాచీల షాపులో కూర్చుని కూర్చుని ఆయన నోరు కూడా ముల్లులాగే నిమిషానికోసారి కదులుతుంది. రెండు రోజులు మామూలుగానే షాపుకెళ్ళొచ్చారు. ఈయన వద్దంటే ఏం చెప్పాలా అని నేను జవాబులు తయారుచేసుకుంటున్నాను. మూడో రోజు షాపు నుంచి వచ్చి, నీకు తీసేది ఏ వైపు అని అడిగారు. ఎడమవైపు అన్నాను. చొక్కా కూడా విప్పకుండా మంచం ఒక పక్క నుంచి ఇంకో పక్కకి జరపడం మొదలుపెట్టారు. నేను కుడివైపు నుంచి దిగేలా ఉండాలట, మధ్యలో బీరువా అడ్డం రాకూడదట. బీరువా జరుపుతుంటే నడుం పట్టేసి, ఇప్పుడు ఆయనకి జండూబామ్ నేనే రాస్తున్నాను. ఆయన ఒప్పుకోలు అదీ. నువ్వు ఆయన మొహం చూడలేనని బెంగపడుతున్నావట. ముందు ఆయన నడుం సంగతి అడుగు.

అవును, మరదలు చెప్పేసింది. పాపం దాన్ని ఏమీ అనకు, నేను పదిసార్లు పీడిస్తే గానీ చెప్పలేదు. అక్కకేమైనా అయితే బావ మొహం ఎలా చూడను అన్నావట. అదా అసలు సంగతి, మరి స్టెప్నీలూ గేట్లూ ఎందుకురా మధ్యలో! ఆ మాట నాతోనే అనుంటే ఇన్ని కాగితాలు ఖర్చయ్యేవి కాదు.

నాకూ భయంగానే ఉంది. ఆపరేషన్ అంటే ఎవరికుండదు? మత్తు ఇచ్చాక మళ్ళీ లేవకపోతే అన్న ఆలోచన స్నానం చేస్తున్నప్పుడు వస్తుంది, బోర్డు మీద రాస్తున్నప్పుడు వస్తుంది, వచ్చి పోతుంది. చాలా అరుదు, కానీ అసలు జరగదని చెప్పలేను అంది డాక్టరమ్మ. ఆవిడ నా దగ్గర దాచలేదు, నేను నీ దగ్గర దాచను. కానీ ఇటువైపు నుంచి కూడా చూడు. నువ్వు పుచ్చుకోకుండా ఆ మెషీను పక్కనే రోజురోజుకీ నల్లబడిపోతుంటే, ఇవ్వగలిగినదాన్ని అయ్యుండి నేను మరదలి మొహం ఎలా చూడాలి? మొహాల బెంగ నీ ఒక్కడికేనా?

ఒకటి మాత్రం సూటిగా చెబుతాను, మళ్ళీ ఎప్పుడు చెబుతానో తెలియదు. నువ్వంటే నాకు ప్రాణం. నువ్వు లేకపోతే నేను బతకలేననడం అబద్ధం. బతుకుతాను, క్లాసులు చెబుతాను, మీ బావతో పోట్లాడతాను. అలా బతకడం నాకు ఇష్టం లేదు. ఇరవై ఏళ్ళ తరువాత కూడా నువ్వు నా మాట వినకుండా స్కూటరు కింద దూరాలి, నేను గుమ్మంలో నిలబడి నిన్ను తిట్టాలి. నాకు కావలసింది అంతే.

ఇంతకీ చెయ్యాల్సిన పని. గురువారం పొద్దున కౌన్సెలరు గదికి రా. మొదటి అంతస్తు, లిఫ్టు దిగగానే ఎడమచేతివైపు, బయట నాలుగు నీలం కుర్చీలుంటాయి. అక్కడ నువ్వు ఒప్పుకుంటున్నట్టు సంతకం పెట్టాలి. మనిషిని ఒంటరిగా కూర్చోబెట్టి, ఎవరైనా బలవంతం చేస్తున్నారా అని అడుగుతారు. నన్నూ అడిగారు. బలవంతం చేసేది నేనేనండీ, మా తమ్ముణ్ణి అన్నాను. ఆవిడ పెన్ను పక్కన పెట్టి మరీ నవ్వింది. నిన్ను అడిగినప్పుడు నీ మనసులో ఉన్నదే చెప్పు. కాకపోతే ఆ మనసు గురువారం లోపు కాస్త దారికి తెచ్చుకో.

డాక్టరమ్మ కొలిచి తాగమన్న నీళ్ళు కొలిచే తాగు. సూదులు గుచ్చే సిస్టరు మీద విసుక్కోకు, నీ నరం దొరకకపోవడం ఆ పిల్ల తప్పు కాదు. మరదలికి నా ముద్దులు. అది పనిచేసే జిరాక్స్ షాపు యజమాని సెలవివ్వనంటే నాకు చెప్పమను, వచ్చి ఇంగ్లీషులో మాట్లాడతాను.

గురువారం నిన్ను చూస్తానన్న నమ్మకంతో,

నీ మొండితనానికి గురువు,
అక్క.

తా.క. ఇంతవరకూ చదివావంటే మెషీను ఇంకా తిరుగుతూ ఉండి ఉండాలి. ఇప్పుడు అసలు సంగతి చెబుతాను.

నా కిడ్నీ నీకు పనికిరాదు. సరేలే చేయించుకో, తరువాత చూద్దాం అని నువ్వు మొదట్లో నన్ను వదిలించుకోవడానికి ఒప్పుకున్న పరీక్ష ఉంది చూడు, అందులో నీ రక్తం, నా రక్తం కలిపి చూశారట. పడలేదు. నీ ఒళ్ళు నా కిడ్నీని రానివ్వదట, పెట్టిన రోజే తగవు పెట్టుకుంటుందట. గాజు గొట్టంలో కూడా కొట్టుకున్నాం మనం. డాక్టరమ్మ ఎదురుగా నవ్వాను. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. నాదొకటి నీలో ఉండాలని నాకు ఎంత ఆశ ఉందో అప్పటిదాకా నాకే తెలియదు.

ఇది మొదటి పేజీలోనే రాస్తే, హమ్మయ్య, గొడవ వదిలింది అని కాగితాలు మడిచి దిండు కింద పెట్టేసేవాడివి. అందుకే చివర రాస్తున్నాను.

మనలాంటి ఇంకో జంట ఉంది. మొగుడూ పెళ్ళాలు, ఇస్త్రీ షాపు నడుపుతారు. ఆవిడకి నీకున్న జబ్బే. ఆయన ఇస్తానన్నాడు, ఆయనది ఆవిడకి పడలేదు. అప్పుడు తీసిన నీ రక్తంతో చూస్తే నీకు పడింది. నాది ఆవిడకి పడింది. ఆయనది నీకు, నాది ఆవిడకి. ఒకే రోజు, ఒకే వేళకి నాలుగు బల్లల మీద నలుగురినీ పడుకోబెడతారట, ఒకళ్ళు పుచ్చుకున్నాక ఇంకొకళ్ళు మాట మార్చకుండా. కౌన్సెలరు గదిలో వాళ్ళని కలిశాను. ఇస్త్రీ షాపాయన, మీ తమ్ముడు ఏం పని చేస్తారండీ అని అడిగాడు. బస్సుల మెకానిక్కు అన్నాను. నా షాపు ముందు నుంచే పోతాయండీ బస్సులన్నీ అన్నాడు, అదేదో చుట్టరికం దొరికినట్టు.

ముగ్గురం సంతకాలు పెట్టేశాం. నాలుగోది నీదే. అది లేకపోతే మిగతా మూడూ చెల్లవు.

ఆవిడ డయాలసిస్‌కి వచ్చేది కూడా నువ్వొచ్చే రోజే, నువ్వున్న ఆ గదికే. నాలుగో మనిషి ఇంకా ఆలోచిస్తున్నాడని ఆవిడకి తెలుసు, అది నువ్వని తెలియదు. ఒకసారి తలతిప్పి చూడు. కిటికీ పక్క మంచం, తలకి బూడిదరంగు స్కార్ఫు. వద్దనే ఉద్దేశం ఇంకా ఉంటే నాకు చెప్పకు. ఆవిడకి చెప్పు.